కర్రా తీగా – 9: కార్క్ కుర్రవాడు, పాలకొల్లు పిల్లవాడు

పోయిన భాగంలో ఉదయగిరి దిలావర్ భాయ్ వీధిలో ఆగాం. కొండ అడవుల నుంచి వచ్చే నర్ది కర్ర స్పూనుగా, గరిటెగా ఎలా మారుతుందో చూశాం. అది కర్ర కథ. ఈ భాగం తీగది. ఒక ఐరిష్ గిటారుతో మొదలై పశ్చిమ గోదావరి మాండొలిన్ దగ్గరికి చేరుతుంది.

1963. ఐర్లండ్ దక్షిణాన కార్క్ నగరం. మైకేల్ క్రౌలీ వాద్యాల దుకాణంలో ఒక సెకండ్ హ్యాండ్ గిటారు అమ్మకానికి ఉంది. 1961లో అమెరికాలో తయారైన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అది. మొదట తెప్పించుకున్నవాడు రాయల్ షోబ్యాండ్‌లో వాయించే జిమ్ కాన్లన్. ఆయన అడిగింది ఎర్ర గిటారు, వచ్చింది నడిమధ్య పసుపు తేలి అంచులకు ముదురు రంగు తిరిగినది. ఎర్రది వచ్చేదాకా దీంతోనే నెట్టుకొచ్చి, రాగానే దీన్ని వదిలించుకున్నాడు. వెల దాదాపు నూరు పౌండ్లు. కొన్నది పదిహేనేళ్ల రోరీ గాలహర్, అదీ అప్పు మీద. ఇంత డబ్బు ఎలా తీరుస్తావని తల్లి మోనికా బెంగపడితే, రిథమూ లీడూ రెండూ నేనే వాయిస్తాను, రెండో గిటారిస్టు అక్కర్లేదు, ఆ డబ్బు మిగులుతుందని లెక్క చెప్పాడంటారు. లెక్క సంగతి ఎలా ఉన్నా, ఆ గిటారును బతికినంత కాలం వదల్లేదు.

రోరీ పుట్టింది 1948 మార్చి 2న, వాయవ్య ఐర్లండ్‌లోని బాలీషానన్‌లో. తండ్రి అక్కడి జలవిద్యుత్ కేంద్రం కట్టే పనిలో ఉండేవాడు. తర్వాత కుటుంబం డెర్రీకి, అక్కడి నుంచి కార్క్‌కు మారింది. తొమ్మిదో ఏట చేతికి మామూలు గిటారు వచ్చింది. నేర్పేవాళ్లు లేరు. రాత్రిపూట రేడియోలో అమెరికా సైనికుల కోసం వేసే ప్రసారాలు, రేడియో లక్సెంబర్గ్ వినేవాడు. మడ్డీ వాటర్స్ లాంటి నల్లజాతి బ్లూస్ గాయకులు అతనికి అలా పరిచయమయ్యారు. విన్నది విన్నట్టు వేళ్ల మీదికి తెచ్చుకోవడమే అతని పాఠశాల.

గిటారు బాకీ తీర్చింది షోబ్యాండ్. ఆ రోజుల్లో ఐర్లండ్‌లో ఊరికో డాన్స్ హాలు ఉండేది. ఎనిమిది మందో పది మందో ఒకే రకం సూట్లు వేసుకుని, ఆ వారం రేడియోలో మోగిన పాటలన్నీ వరసగా వాయించేవాళ్లు. కొత్త పాట కట్టమని ఎవరూ అడగరు. హిట్టయిన పాటను రికార్డులో ఉన్నట్టు దించేస్తే చాలు. ఆత్మకూరు, ఉదయగిరి వైపు పాఠకులకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. తిరునాళ్ల రాత్రి పాటకచేరి ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు. ముందు దేవుడి పాట, తర్వాత ఘంటసాల, ఆ తర్వాత జనం కేక వేసి అడిగిన పాట. వాయించేవాడు ఒక్క రాత్రిలో నాలుగు రకాల సంగీతం దాటాలి. ఐరిష్ షోబ్యాండ్ అచ్చంగా అలాంటి పాటకచేరే. కాకపోతే గుడి ముందు పందిరి ఉండదు, పైకప్పున్న హాలు ఉంటుంది.

ఇలాంటి బృందాలను తక్కువ చేసి మాట్లాడే సంగీత పండితులు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. అది అన్యాయం. మన నెల్లూరు జిల్లానే తీసుకుందాం. 1946లో పుట్టి, నెల్లూరు హరికథకుడు సాంబమూర్తి గారి అబ్బాయిగా పెరిగిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సినిమాల్లో నిలదొక్కుకునే రోజుల్లో మద్రాసులో ఒక లైట్ మ్యూజిక్ బృందం నడిపారు. అందులో గిటారు, హార్మోనియం పట్టినవాడు ఇళయరాజా. ఆయన తమ్ముడు గంగై అమరన్, అన్న భాస్కర్ కూడా అదే బృందంలో ఉన్నారు. ఆ ఇళయరాజా తర్వాత లండన్ ట్రినిటీ కాలేజీ క్లాసికల్ గిటారు పరీక్షలో గోల్డ్ మెడల్ తెచ్చుకున్నాడు. పది రకాల పాటలు దించిన చేతికి పదకొండోది సొంతంగా కట్టడం కష్టం కాదు. ఈ పాఠం పుస్తకాల్లో దొరకదు.

వినేవాళ్ల సంగతీ అంతే. నర్రవాడ వెంగమాంబ తిరునాళ్లకు పోయిన మనిషే ఆత్మకూరు దగ్గర ఏ.ఎస్.పేట దర్గా గంధానికీ పోతాడు. అక్కడ భజన విన్న చెవితోనే ఇక్కడ ఖవాలీ వింటాడు. ఇది కర్ణాటకం, అది హిందుస్తానీ అని గీతలు గీసుకుని ఎవరూ బండెక్కరు.

రోరీ మాత్రం షోబ్యాండ్‌లో ఎక్కువ కాలం ఇమడలేదు. అతను చేరిన షోబ్యాండ్ మొదట ఫాంటానా, తర్వాత పేరు మార్చుకుని ఇంపాక్ట్. స్పెయిన్ దాకా పోయారు. జర్మనీలో హాంబర్గ్ క్లబ్బుల్లోనూ వాయించాడు. 1966లో ముగ్గురితో ‘టేస్ట్’ అనే సొంత బ్యాండు పెట్టాడు. ఒక గిటారు, ఒక బేస్, ఒక డ్రమ్స్, అంతే. అమ్మకు చెప్పిన లెక్క నిజమైంది. 1968 నవంబరులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో క్రీమ్ బ్యాండు వీడ్కోలు కచేరీకి ముందు వాయించిన బ్యాండ్లలో టేస్ట్ ఒకటి. 1970 ఆగస్టులో ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవంలో లక్షల మంది ముందు వాయించారు. ఆ ఏడాది చివరికి డబ్బు, మేనేజరు తగాదాలతో బ్యాండు విడిపోయింది.

ఇక్కడి నుంచి అతను సొంత పేరు మీదే నడిచాడు. 1971లో రెండు ఆల్బమ్‌లు, 1973లో మరో రెండు. మధ్యలో ఏడాది పొడవునా కచేరీలు. ఒక్క పాట రికార్డులు, అంటే సింగిల్స్, వేయనని పట్టుబట్టాడు. సింగిల్ లేకపోతే రేడియోలో మోత ఉండదు. మోత లేకపోతే డబ్బు రాదు. తెలిసే చేశాడు. వ్యాపారం తెలిసినవాళ్లు దీన్ని మొండితనం అంటారు. నిజానికి మొండితనమే. అయితే కచేరీకి వచ్చినవాడు ఒక్క హిట్టు కోసం రాకూడదు, మొత్తం వినడానికి రావాలన్నది అతని పంతం.

అతని చేతికి ఎన్ని వాద్యాలు లొంగాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఎలక్ట్రిక్ గిటారు, అకూస్టిక్ గిటారు, తీగ మీద లోహపు గొట్టం జార్చి వాయించే స్లైడ్, హార్మోనికా, ఆల్టో శాక్సోఫోను. వీటన్నిటి మధ్య మాండొలిన్ కూడా ఉంది. 1972 నాటి ‘లైవ్ ఇన్ యూరప్’ ఆల్బమ్‌లో ఒక పాట మొత్తం మాండొలిన్ మీదే నడుస్తుంది. బేస్ లేదు, కీబోర్డు లేదు. మాండొలిన్, గొంతు, కింద దరువు. హాలంతా చప్పట్లతో తాళం అందుకుంటుంది. ఊరు వదిలి పొట్టకూటికి పోయినవాడు ఇంటికి తిరిగొస్తానని పాడే పాట అది. మాండొలిన్ సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో దాంతో పని పడుతుంది.

చిన్నప్పుడు రేడియోలో విన్న మడ్డీ వాటర్స్ 1971 డిసెంబరులో లండన్ వచ్చి ఒక ఆల్బమ్ రికార్డు చేశాడు. గిటారు వాయించడానికి రోరీని పిలిచారు. తన సొంత కచేరీ ముగించుకుని, రాత్రిపూట కారు వేసుకుని స్టూడియోకు పరుగెత్తేవాడు. ఆ పెద్దాయన అతని కోసం ఎదురుచూసేవాడట. 1975 జనవరిలో రోలింగ్ స్టోన్స్ కూడా కబురు పెట్టింది. మిక్ టేలర్ అప్పుడే ఆ బ్యాండు వదిలేశాడు. రోరీ రాటర్‌డామ్ పోయి కొన్ని రాత్రులు వాళ్లతో వాయించాడు. అప్పటికే తన బృందానికి జపాన్ కచేరీలు ఒప్పుకుని ఉన్నాడు. గిటారు పెట్టెలో పెట్టుకుని జపాన్ వెళ్లిపోయాడు. ఆ కుర్చీ రానీ వుడ్‌కు దక్కింది. ప్రపంచంలో అంత పెద్ద బ్యాండు నుంచి అంత నింపాదిగా నడిచిపోయినవాళ్లు తక్కువ.

అతన్ని ఐర్లండ్ ఇప్పటికీ గుండెల్లో పెట్టుకోవడానికి వేరే కారణం ఉంది. 1970లలో ఉత్తర ఐర్లండ్ బాంబులతో, కాల్పులతో అట్టుడికింది. బయటి బ్యాండ్లు బెల్ఫాస్ట్ పేరు చెబితే జంకేవి. రోరీ మాత్రం ఏటా వెళ్లాడు. కేథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఒకే హాల్లో నిలబడి అతని పాట విన్నారు. 1974 జనవరిలో బెల్ఫాస్ట్, డబ్లిన్, కార్క్‌లలో రికార్డయిన ‘ఐరిష్ టూర్ 74’ అతని ఆల్బమ్‌లలో మేలైనది. టోనీ పామర్ అదే పర్యటనను సినిమాగా తీశాడు.

గిటారు సంగతికి వస్తే, 1960లలో డబ్లిన్‌లో ఒకసారి అది దొంగల పాలైంది. కొన్నాళ్లకు వానలో తడిసి దొరికింది. ఆ తడికి తోడు ఏళ్ల తరబడి అతని చెమట. రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి లోపలి కర్ర బయటపడింది. తిరిగి రంగు వేయించమని ఎవరు చెప్పినా వినలేదు. చివరికి అతని శరీరమూ అలాగే అరిగింది. మద్యం, దానికి తోడు డాక్టర్లు రాసిచ్చిన మందులు కలిసి కాలేయాన్ని తినేశాయి. 1995 జనవరిలో నెదర్లాండ్స్ కచేరీ నాటికే జబ్బు పైకి కనిపించింది. లండన్ కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో కాలేయ మార్పిడి చేశారు. ఇన్ఫెక్షన్ సోకింది. జూన్ 14న పోయాడు. 47 ఏళ్లు. ఆ పెచ్చులూడిన గిటారును 2024 అక్టోబరులో లండన్‌లో వేలం వేస్తే 8,89,400 పౌండ్లు పలికింది. కొన్న కచేరీల సంస్థ దాన్ని ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చేసింది.

ఇక మాండొలిన్.

1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఇంట్లో తండ్రి సత్యనారాయణ గారి మాండొలిన్ ఉండేది. ఆయన క్లారినెట్ విద్వాంసుడు. ఆరో ఏట పిల్లవాడు మాండొలిన్ అందుకున్నాడు. తండ్రి సరదా అనుకోలేదు. కొత్త వాద్యం కొనిచ్చి తనే మొదలుపెట్టించాడు. 1976లో గిటారిస్టు వాసూరావు పాశ్చాత్య సంగీతం పరిచయం చేశాడు. అంటే మన మాండొలిన్ శ్రీనివాస్‌కు గిటారు చెయ్యి ముందే తగిలింది.

అసలు మలుపు రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గర. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గాత్రం మనిషి. సత్యనారాయణ గారికీ, వాసూరావుకూ ఆయనే గురువు. మాండొలిన్ వాయించడం ఆయనకు రాదు. మరి నేర్పడం ఎలా? ఆయన కీర్తన పాడేవాడు. ఎదురుగా కూర్చున్న ఆరేడేళ్ల పిల్లవాడు అది విని తీగ మీద వెతుక్కునేవాడు. ఏ వేలు ఏ మెట్టు మీద పెట్టాలి, మీటు పైకా కిందికా, ఏ సంగతికి ఏ తీగ అని చెప్పేవారు లేరు. గురువు గొంతు ఒక్కటే కొలబద్ద. పాట ఎక్కడ ఊపిరి తీసుకుంటే తీగ అక్కడ ఆగాలి. మాటను గొంతు ఎక్కడ ఒత్తితే మీటు అక్కడ పడాలి. మాండొలిన్ వచ్చిన గురువు దొరికి ఉంటే ఆ పిల్లవాడు ఆ గురువు వేళ్లే తెచ్చుకునేవాడు. దొరకలేదు గనుక సొంత వేళ్లు కనిపెట్టుకోవాల్సి వచ్చింది. అతని వాయింపులో పాట వినిపిస్తుందని జనం అనడం వెనక ఉన్నది ఇదే.

వాద్యం మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, జతకు రెండు చొప్పున నాలుగు జతలు. ఇటలీ నుంచి వచ్చిన ఈ అమరిక గబగబా మీటి మోత పుట్టించడానికి బాగుంటుంది. మన సంగీతానికి ప్రాణం గమకం. వీణ మీద మెట్టు దగ్గర తీగను పక్కకు లాగితే స్వరం ఊగి, జారి, పై స్వరాన్ని తాకి వస్తుంది. వీణ మెడ పొడుగు, తీగకు లాగేంత వీలుంటుంది. మాండొలిన్ మెడ పొట్టి, మెట్లు ఇరుకు. జంట తీగలు బిగుతుగా ఉంటాయి. రెండిటినీ కలిపి సమానంగా లాగాలంటే వేలు తెగుతుంది, అయినా శ్రుతి కలవదు. పైగా మీటిన శబ్దం క్షణంలో చచ్చిపోతుంది. స్వరం ఊగే లోపే ధ్వని ఉండదు.

శ్రీనివాస్ జంటలు తీసేశాడు. ఒక్కో తీగే పెట్టి, కింది స్థాయి కోసం ఐదో తీగ చేర్చాడు. మామూలు మాండొలిన్ వదిలి ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. దాంతో శబ్దం నిలిచింది. నిలిచిన శబ్దాన్ని లాగవచ్చు, జార్చవచ్చు. చూడటానికి చిన్న గిటారులా ఉంటుంది, వినడానికి ఒకసారి వీణ, ఒకసారి నాదస్వరం. మైకూ ఆంప్లిఫయరూ శాస్త్రీయ సంగీతానికి చేటు అనేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ దగ్గర మాట మార్చుకోక తప్పదు. ఆంప్లిఫయరే లేకపోతే ఆ తోడి లేదు, ఆ కల్యాణి లేదు.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్లు. తర్వాత కుటుంబం మద్రాసు చేరింది. 1981 డిసెంబరు సీజన్లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద పన్నెండేళ్ల కుర్రవాడు కూర్చున్నాడు. సినిమా పాటల మధ్య వినిపించే వాద్యం సభలో ఏమిటని మొహం చిట్లించినవాళ్లు లేకపోలేదు. వయొలిన్‌కు కూడా 19వ శతాబ్ది మొదట్లో ఇదే ప్రశ్న ఎదురైంది. బాలుస్వామి దీక్షితర్ లాంటివాళ్లు ఫిరంగుల ఫిడేలును మన శ్రుతికి దించిన తర్వాత వయొలిన్ లేకుండా కచేరీయే లేదు. మాండొలిన్‌కు అంత కాలం పట్టలేదు. రెండేళ్లు తిరిగేసరికి, 1983లో, పద్నాలుగేళ్ల శ్రీనివాస్ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఉన్నాడు. జాజ్ వినడానికి వచ్చిన జర్మన్లకు త్యాగరాజు కీర్తనలు, రాగాలాపన వినిపించాడు. వాళ్ల కోసం ఏమీ పలుచన చేయలేదు.

ఈ పలుచన చేయకపోవడం దగ్గర కాస్త ఆగాలి. అన్ని రకాల సంగీతంలో ఇమిడేవాళ్లు రెండు రకాలు. ఏ ఊరికి పోతే ఆ ఊరి చొక్కా వేసుకునేవాళ్లు ఒక రకం. రోరీ, శ్రీనివాస్ ఆ రకం కాదు. రోరీ శాక్సోఫోను ఊదినా, మాండొలిన్ మీటినా బ్లూస్ వదల్లేదు. శ్రీనివాస్ ఎవరి పక్కన కూర్చున్నా సుబ్బరాజు గారి గొంతు వదల్లేదు.

పక్కన కూర్చున్నవాళ్లలో గిటారిస్టులూ ఉన్నారు. పీటర్ గాబ్రియెల్ రియల్ వరల్డ్ సంస్థ ముందు ‘రామా శ్రీరామా’ అని అచ్చమైన కర్ణాటక ఆల్బమ్ తెచ్చింది. రోరీ పోయిన 1995లోనే అదే సంస్థ నుంచి ‘డ్రీమ్’ వచ్చింది. అందులో శ్రీనివాస్‌కు జోడు కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్. మీటు ఒకసారి పడితే శబ్దం ఆగకుండా సాగే ‘ఇన్ఫినిట్ గిటార్’ చేసినవాడు ఈయనే. అలాంటిదే ఒకటి డబ్లిన్ బ్యాండు యూ2 గిటారిస్టు ఎడ్జ్‌కు ఇస్తే, 1987లో ప్రపంచమంతా మోగిన వాళ్ల పాట ఒకదానికి ఆ సాగే ధ్వనే ఊపిరి అయింది. శబ్దం చచ్చిపోకూడదని పాలకొల్లు కుర్రవాడు పడ్డ ఆరాటమే బ్రూక్‌దీనూ. ఇంత చెప్పినా, రెండు ఆల్బమ్‌లూ పక్కపక్కన పెడితే ఈ వ్యాసం ఓటు ‘రామా శ్రీరామా’కే. ‘డ్రీమ్’లో చుట్టూ పొగమంచు ఎక్కువ, కీర్తన తక్కువ.

జాన్ మెక్‌లాఫ్లిన్‌తో జోడు అలా కాదు. 1970లలో జాకిర్ హుస్సేన్, ఎల్.శంకర్, విక్కు వినాయకరంతో ‘శక్తి’ బృందం నడిపిన ఆంగ్ల గిటారిస్టు ఆయన. దాన్ని ‘రిమెంబర్ శక్తి’గా తిరిగి నిలబెట్టినప్పుడు శ్రీనివాస్‌ను చేర్చుకున్నాడు. తర్వాత గాయకుడు శంకర్ మహదేవన్ వచ్చాడు. ఘటం, కంజీర, మృదంగం మీద వినాయకరం గారబ్బాయి సెల్వగణేశ్. 2000లో ‘ద బిలీవర్’, 2001లో ‘శాటర్‌డే నైట్ ఇన్ బాంబే’. మెక్‌లాఫ్లిన్ ఒక వాక్యం విసురుతాడు. శ్రీనివాస్ దాన్ని అందుకుని, మధ్యలో ఒక గమకం చుట్టి తిరిగిస్తాడు. మళ్లీ ఆయన, మళ్లీ ఇతను. వాక్యం సగమవుతుంది, పావు అవుతుంది, చివరికి ఇద్దరూ ఒకే పరుగులో కలుస్తారు. మన కచేరీలో గాత్రమూ వయొలినూ చేసే పనే, కానీ ఒకవైపు యార్క్‌షైర్, ఒకవైపు గోదావరి. అంత వేగంలోనూ శ్రీనివాస్ ముఖం మీద చిరునవ్వు చెక్కుచెదరదు. వేళ్లను చూడకపోతే ఏమీ చేయడం లేదనుకుంటాం.

పద్మశ్రీ 1998లో, ముప్పై నిండకుండానే వచ్చింది. తమ్ముడు యూ.రాజేశ్‌కూ మాండొలిన్ నేర్పి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రోరీకి తమ్ముడు డోనల్ మేనేజరుగా ఉన్నట్టే ఇక్కడా తమ్ముడి తోడు. 2014 సెప్టెంబరులో కాలేయం దెబ్బతిని చెన్నై అపోలో ఆసుపత్రిలో చేరాడు. మార్పిడి చేశారు, కోలుకోలేదు. సెప్టెంబరు 19న పోయాడు. 45 ఏళ్లు. రోరీదీ కాలేయమే, మార్పిడి తర్వాతి రోజులే. పోలిక అంతవరకే. ఒకరి జబ్బును ఇంకొకరి జబ్బుతో ముడిపెట్టే పని చరిత్రకారుడిది కాదు.

శక్తి బృందం మళ్లీ కూడి 2023లో ‘దిస్ మూమెంట్’ ఆల్బమ్ వేసింది. 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ వచ్చింది. బృందంలో మెక్‌లాఫ్లిన్, జాకిర్, శంకర్ మహదేవన్, సెల్వగణేశ్ ఉన్నారు. మాండొలిన్ చోటులోకి గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ వచ్చింది. ఇంకో మాండొలిన్ ఆ చోటుకు రాలేదు.

(వచ్చే భాగం: బొబ్బిలి వీణ – పనస దుంగ నుంచి మైనపు మెట్ల దాకా)